ఎండొచ్చిందా, బావా?

ఈమధ్య మా ఆవిడ పోరు పడలేక కొత్తగా కట్టిన ఓ పెద్ద దుకాణాల భవనానికి సినిమాకి వెళ్ళాను. నాలుగో అంతస్తులో సినిమా హాలు ఏమిటో నాకిప్పటికీ మింగుడుపడలేదు, అది వేరే సంగతి. గుమ్మం దగ్గర నీలం చొక్కా వేసుకున్న కుర్రాడొకడు వచ్చినవాళ్ళ జేబులు తడుముతున్నాడు. నా ముందున్న మనిషి జేబులోంచి ఆ కుర్రాడు అగ్గిపెట్టె తీసి, కనీసం దాని వైపు చూడనైనా చూడకుండా పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో పడేశాడు. "వెళ్ళేటప్పుడు ఇస్తావా?" అని ఆ మనిషి అడిగితే, "అందులో ఎక్కడ వెతకమంటావు గురూ" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అగ్గిపెట్టె నాది కాదు. బుద్ధెరిగాక నేను బీడీ ముట్టినవాణ్ణీ కాదు. అయినా మండింది. నా వంతు వచ్చేసరికి వాడు ఇంకా ఏమీ అనకముందే నా రెండు చేతులూ పైకి లేచిపోయాయి. "అక్కర్లేదు తాతగారూ, మీరు వెళ్ళండి" అన్నాడు. మా ఆవిడ మోచేత్తో పొడిచేదాకా నేను చేతులు దించలేదు. లోపల మూడు గంటలు ఏ సినిమా ఆడిందో నన్నడక్కండి. నా కళ్ళముందు గేటు బావే ఉన్నాడు.

ఆయన పేరు రాయను. మా రేవులో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు కూడా. ఓడల దగ్గర పనిచేసే కలాసీల దగ్గర్నుంచి లారీ డ్రైవర్ల దాకా అందరికీ గేటు మావ. నాకు మాత్రం బావ. ఆ పిలుపు నాకెలా దక్కిందో, దాన్నెలా పోగొట్టుకున్నానో చెప్పుకోవాలనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

డెబ్భైల మధ్యలో నేను విశాఖపట్నంలో ఓ చిన్న షిప్పింగు కంపెనీలో గుమస్తాగా చేరాను. గోపాలపట్నం నుంచి సైకిలు మీద రేవుకి వెళ్ళేవాణ్ణి. చమురు ఓడలు ఆగే బెర్తులో, ఓడలోంచి గొట్టాల్లోకి సరుకు ఎంత దిగిందో గంటగంటకీ రాసుకోవడం నా పని. ఆ బెర్తులోకి నిప్పు పోకూడదు. చెవి మీద బీడీ ఉంటే ఉండనిస్తారు గానీ, దాన్ని వెలిగించేది ఏదీ మనిషి దగ్గర ఉండకూడదు. అగ్గిపెట్టె గేటు దగ్గర ఒప్పజెప్పి లోపలికెళ్ళాలి, పని దిగాక తీసుకోవాలి. అలా ఒప్పజెప్పించుకోవడమే ఆయన ఉద్యోగం.

పొట్టి మనిషి. ఖాకీ చొక్కా ఎప్పుడూ ఒక సైజు పెద్దదే. వెనక గోడకి తేనెపట్టులా చిన్న చిన్న చెక్క గూళ్ళు, వాటికో తలుపు, తలుపుకో తాళం. ఓడ సామాను వచ్చిన పెట్టెల చెక్కతో అదంతా ఆయనే కొట్టుకున్నాడు. గూళ్ళ మీద నంబర్లు లేవు, పేర్లు లేవు, చీటీల గొడవ అసలే లేదు. ఎవడి అగ్గిపెట్టె ఏ గూట్లో ఉందో ఆయన తలలో ఉండేది. చేతికివ్వగానే చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపేవాడు. "ఏడెనిమిది పుల్లలున్నాయిరా. ఇంటికెల్తా కొత్తది కొనుక్కో" అనేవాడు. ఇచ్చినవాడు అనుమానంతో తెరిచి చూసుకుంటే, ఏడో ఎనిమిదో ఉండేవి.

ఆయన చొక్కా జేబులో ఓ భూతద్దం ఉండేది, నల్ల తాడు కట్టి గుండీకి ముడేసి. పాసు మీద ఫొటోని దాంతో చూసి, తరవాత మనిషి మొహాన్ని కూడా దాంతోనే చూసేవాడు. పదేళ్ళుగా తెలిసిన మొహమైనా సరే. "ఏటి మావా, నిన్నటికీ ఇయ్యాల్టికీ ముక్కు మారిపోద్దేటి?" అని కుర్ర కలాసీలు ఏడిపించేవాళ్ళు. "మారీసినోల్లని సూసినాను" అనేవాడు నవ్వకుండా.

ఓసారి మద్రాసు నుంచి మా కంపెనీ పెద్దాయన దిగాడు. కోటు, బూట్లు, వెనకాల చేతులు నలుపుకుంటూ మా మేనేజరు. గేటు దగ్గర ఆగకుండా నడిచిపోతుంటే ఈయన అడ్డంగా నిలబడ్డాడు.

"సేతులెత్తండి బాబూ."

"ఎవరనుకున్నావయ్యా? మన పెద్ద సారు!" అన్నాడు మేనేజరు.

"ఎవలైతేటి? నిప్పుకి సారెవలో కూలెవలో తెలుత్తాదేటి?"

పెద్దాయన నవ్వి చేతులెత్తాడు. కోటు లోపలి జేబులోంచి వెండి లైటరు బయటపడింది. ఈయన అలవాటు కొద్దీ దాన్ని కూడా చెవి దగ్గర పెట్టి ఊపాడు. ఒక కలాసీ అగ్గిపెట్టెకీ, వంటవాడి అగ్గిపెట్టెకీ మధ్య గూడు ఖాళీగా ఉంటే అందులో పెట్టాడు. సాయంత్రం పెద్దాయన దాన్ని మరిచిపోయి కారెక్కేస్తే, కారు వెంట పరిగెత్తి చేతికిచ్చి వచ్చాడు. మా మేనేజరు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనకా సంగతి తెలిసినట్టే లేదు.

నేను చేరిన ఏడాదే కార్తీకంలో, ఓడలకి గొట్టాలు తగిలించే గ్యాంగు వాళ్ళు పిక్నిక్కు పెట్టుకున్నారు. ఇరవై మంది, వాళ్ళకో మేస్త్రీ. మేస్త్రీది పెద్ద నోరు, అంతకన్నా పెద్ద బొజ్జ. రాత్రి షిఫ్టు దిగి ఇళ్ళకి పోకుండా అట్నుంచటే వెళ్ళాలని ఆలోచన. మా కంపెనీ లాంచీ ఆ ఆదివారం ఖాళీగా ఉంటే నేనే అడిగి ఇప్పించాను. గేటు మావా సెలవు పెట్టి, గూళ్ళకి తాళమేసి మాతో వచ్చాడు. బెర్తు మెట్ల దగ్గరే లాంచీ ఎక్కి, కాలవ దాటి, యారాడ కొండ వైపు దిగాం. లాంచీ మమ్మల్ని దింపేసి వెళ్ళిపోయింది. మళ్ళీ సాయంత్రం గాని రాదు.

జీడిమామిడి చెట్ల కింద మూడు రాళ్ళు పెట్టారు. పుల్లలు పేర్చారు. గుండిగలో ఎసరు పోశారు. కార్తీకమని కోడి తేలేదు, అందుకు సగం మంది సణుగుతూనే వంకాయలు తరిగారు. అన్నీ అయ్యాక మేస్త్రీ చెయ్యి చాపి, "అగ్గిపెట్టట్రండ్రా" అన్నాడు.

ఇరవై మందీ జేబులు తడుముకున్నారు. ఒక్కడి దగ్గరా లేదు. ఎలా ఉంటుంది? గేటు దాటి బయటికొస్తే కదా అగ్గిపెట్టె చేతికొచ్చేది! మేం లోపల్నుంచే లాంచీ ఎక్కేశాం. అందరి అగ్గిపెట్టెలూ గూళ్ళలో తాళం కింద భద్రంగా ఉన్నాయి. బీడీ కాల్చందే కళ్ళు తెరవని ఇరవై మంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు నవ్వాగలేదు గానీ నవ్వితే తంతారని ఊరుకున్నాను.

"మావా, నీ కాడైనా ఒకటుంటాది కదేటి?" అని మేస్త్రీ దీనంగా అడిగాడు.

"నా కాడెందుకుంటాది? మీ కాడ లాక్కున్నోడ్ని నాను. నా జేబులో అగ్గిపెట్టెట్టుకుని, రేపు మీ జేబులో సెయ్యెట్టడానికి నాకు మొకముంటాదేటి?"

ఓ కుర్రాడు జాలరిపేటకి వెళ్ళి నిప్పు తెస్తానని లేచాడు. మైలు పైన నడక.

"కూకోరా. నెత్తి మీద అంతేసి నిప్పుండగా ఎక్కడికెల్తావు?" అంటూ ఆయన జేబులోంచి భూతద్దం తీశాడు.

మేస్త్రీ గొడుగుకి చిరుగులున్నాయి. అందులోంచి అరచేతిలో సగమంత నల్లగుడ్డ చింపాడు. "నల్లది ఏడిని తాగుద్ది. తెల్లది ఉమ్మీసుద్ది" అన్నాడు నాకు మాత్రమే చెప్తున్నట్టు. గుడ్డ చుట్టూ ఎండిన పేడ నలిపి పొడి చల్లాడు. పక్కన తాటిపీచు గూడులా చేసి పెట్టుకున్నాడు. అప్పుడు బాసింపట్టు వేసుకుని కూర్చుని, భూతద్దాన్ని సూర్యుడికి ఎదురుగా వంచి, పైకీ కిందకీ కదిపాడు. గుడ్డ మీద రేగుపండంత వెలుగు చింతగింజంతయింది, ఆఖరికి ఆవగింజంతయింది. అక్కడ ఆయన చెయ్యి ఆగిపోయింది. ఊపిరి కూడా ఆపేశాడేమో.

గాలి వీస్తోంది. నేను సాయం చేద్దామని తువ్వాలు అడ్డుపెట్టబోయి ఎండకే అడ్డుపడ్డాను.

"నీడ సెయ్యక బావా, అటు జరుగు" అన్నాడు.

అని నాలుక్కరుచుకున్నాడు. గుమస్తాని బావా అనేశానని. "బాబూ..." అని దిద్దుకోబోతే, "బావే బాగుంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన చెయ్యి మాత్రం కదల్లేదు.

సన్నటి పొగ లేచింది. గుడ్డ అంచు ఎర్రబడి ఆ ఎరుపు నెమ్మదిగా పాకింది. దాన్ని పీచు గూట్లోకి జార్చి, రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఊదాడు. పిల్లల కళ్ళలో నలుసు పడితే ఊదే ఊదుడు అది. ఒకటి, రెండు, మూడు, నాలుగోసారికి మంట. గుండిగ కిందికి ఆ మంట చేరకముందే ఇరవై బీడీలు దాని మీదికి వంగాయి.

సాయంత్రం లాంచీ వచ్చేదాకా ఆ మంట చుట్టూనే కూర్చున్నాం. మేస్త్రీ పాడాడు, పాడలేనివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎవడో మంటలోకి తుపుక్కున ఉమ్మబోతే ఆయన కసిరాడు: "సూరీడింటి నిప్పురా అది!" లేచేముందు నీళ్ళు పోసి, మట్టి కప్పి, ఆ మట్టి మీద అరచెయ్యి ఆనించి చూశాడు. చల్లబడిందని నమ్మకం కుదిరాకే లాంచీ ఎక్కాడు.

తరవాత అదే ఆచారమైపోయింది. ఏటా కార్తీకంలో ఓ ఆదివారం, ఎవ్వరూ అగ్గిపెట్టె తేకుండా, కావాలనే అందరివీ గూళ్ళలో పెట్టించి, తాళం చెవి గేటు మావ మొలతాడుకి కట్టించి మరీ వెళ్ళేవాళ్ళం. ఆ గ్యాంగుకి అది పండగ. ఆయనకి పండగ కంటే ఎక్కువ. పదిహేను రోజుల ముందు నుంచే తాటిపీచు ఎండబెట్టేవాడు. ఏడాదంతా అందరి దగ్గరా నిప్పు లాక్కునే మనిషి, ఆ ఒక్కరోజు అందరికీ నిప్పు ఇచ్చేవాడు. ఆ సంగతి ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు గానీ, మంట లేచినప్పుడు ఆయన మొహం చూస్తే తెలిసిపోయేది.

నాకు దక్కింది ఇంకొకటుంది. ఆ మొదటి పిక్నిక్కు తరవాత ఆయన నన్ను తనిఖీ చెయ్యడం మానేశాడు. కెప్టెన్లని చేశాడు, కస్టమ్సు వాళ్ళని చేశాడు, మా మేనేజరుని రోజూ చేశాడు. నేను కనిపిస్తే మాత్రం గడ్డం ఓసారి అలా పైకెత్తి, "ఎల్లు బావా" అనేవాడు. అంతే. రోజుకి నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ తిరిగే పని నాది. ప్రతిసారీ ఆ గడ్డం అలా లేచేది. నాకెంత గర్వంగా ఉండేదో! వరసలో చేతులెత్తుకుని నిలబడ్డవాళ్ళ పక్కనుంచి పెళ్ళికొడుకులా నడిచిపోయేవాణ్ణి.

ఒకసారి ఆయన జ్వరంతో రెండు రోజులు రాకపోతే చూడ్డానికి వెళ్ళాను. పరవాడ దారిలో ఓ పల్లె. ఆయన భార్య అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది, మా వైపు ఆడవాళ్ళు కాల్చినట్టే, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. నేను ఆయన్ని బావా అంటున్నాను కాబట్టి ఆవిడ నాకు అక్క అయింది, వెళ్ళిన పది నిమిషాల్లోనే.

"తమ్ముడూ, మీ బావ కొంపలో అగ్గిపెట్టుండనివ్వడు" అని మొదలుపెట్టింది. "రేత్తిరి నిప్పు మీద ఊక కప్పెట్టాల. అదారిపోతే తెల్లారి అద్దం అట్టుకుని పెరట్లో కూకుంటాడు. వానాకాలవైతే నా సుట్ట కోసం నాను ఊరంతా తిరగాల. ఇదేటి మనిసి?"

లోపల మంచం మీంచి ఆయన, "మాటంటే మాటే" అన్నాడు, జ్వరంలోనే.

ఎనభైల మొదట్లో వచ్చింది ఆ ఏడాది. దువ్వాడ అవతల స్టీల్ ప్లాంటు కడుతున్నారు. మేస్త్రీకీ, గ్యాంగులో ఇంకో ఆరుగురికీ అక్కడ పనులు దొరికాయి. పై నెలనించి గ్యాంగు చెదిరిపోతుంది. అందరం కలిసి వెళ్ళే ఆఖరి పిక్నిక్కు అదే. "ఈ పాలి మంట బాగా పెద్దదెట్టాల బావా" అని ఆయన నాతో ఓ పదిసార్లయినా అనుంటాడు.

సరిగ్గా ఆ వారమే బంగాళాఖాతంలో వాయుగుండం. వాన లేదు గానీ ఆకాశం మూతపెట్టినట్టయిపోయింది. శనివారం డ్యూటీకి బయల్దేరుతూ తలెత్తి చూశాను. రేపు ఎండ రాకపోతే ఈయన పరిస్థితేమిటి? ఇరవై మంది ముందు, అదీ ఆఖరి ఏడు, ఆ అద్దం పట్టుకుని అలా కూర్చుండిపోతే? గోపాలపట్నం బజార్లో ఓ అగ్గిపెట్టె కొన్నాను. టిఫిన్ క్యారేజీ అడుగు గిన్నెలో, మడతపెట్టిన రుమాలు కింద పెట్టాను. అవసరమైతేనే తీద్దాం, లేకపోతే లేదు, అనుకున్నాను.

గేటు దగ్గర ఆయన ఆకాశం వైపే చూస్తున్నాడు.

"సూసినావా బావా? మూసీసినాది."

"తెల్లారేసరికి విడిపోతుందిలే బావా."

"ఎల్లు" అని గడ్డం పైకెత్తాడు.

వెళ్ళాను. ఆ రాత్రి ఓడలోంచి నాఫ్తా దిగింది. పెట్రోలు కంటే చురుకైన సరుకు, గొట్టం దగ్గర నిలబడితే కళ్ళు మండుతాయి. నేను తెల్లవార్లూ ఆ పక్కనే నిలబడి గంటగంటకీ లెక్క రాసుకున్నాను. టిఫిన్ క్యారేజీ నా కాళ్ళ దగ్గరే ఉంది. మీరు నమ్మండి, నమ్మకపొండి, అందులో ఏముందో నాకొక్కసారి కూడా గుర్తు రాలేదు. నాకు బావ పరువే కనిపించింది గానీ, ఆయన ఏళ్ళ తరబడి ఆ గేటు దగ్గర దేన్ని ఆపుతున్నాడో తట్టలేదు.

పొద్దున్న అందరం ఎప్పట్లాగే లాంచీ ఎక్కాం. ఎప్పట్లాగే మూడు రాళ్ళు, గుండిగ, వంకాయలు. ఆయన గుడ్డ పరిచి, పేడపొడి చల్లి, అద్దం పట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిదయింది, పదయింది, పదకొండయింది. అప్పుడప్పుడూ మబ్బు పలచబడి, గుడ్డ మీద పాలిపోయిన మచ్చ ఒకటి పడేది. ఆయన దాన్ని కుదించేలోపల పోయేది.

"సూరీడు సెలవెట్టీసినాడు మావా" అన్నాడు మేస్త్రీ. మొదట అందరూ నవ్వారు. ఆకలి పెరిగేకొద్దీ నవ్వులు తగ్గాయి. ఇద్దరు జాలరిపేటకి వెళ్తామని లేచారు.

"ఇంకో అరగంట సూడండ్రా. అరగంట" అన్నాడాయన. గొంతులో బతిమాలుడుంది. ఆయన గొంతులో అది నేనెప్పుడూ వినలేదు. నేను మొహం తిప్పేసుకున్నాను.

కాసేపయ్యాక లేచి అద్దం నా చేతిలో పెట్టాడు. "అట్టుకో బావా. ఎండొత్తే కుదించి ఎట్టు. ఈ పీసు సెమ్మెక్కీసినట్టున్నాది, బాగా ఎండింది సూసి తెత్తాను" అని చెట్లలోకి వెళ్ళాడు. మిగతావాళ్ళు ఒడ్డు దగ్గర చెట్ల కింద ఒళ్ళు వాల్చారు. రాళ్ళ దగ్గర నేనొక్కణ్ణే.

క్యారేజీ విప్పాను. ఒక్క పుల్ల గీశాను. గుడ్డ అంటుకుంది, పేడపొడి అంటుకుంది, పీచు అంటుకుంది. మిగిలిన అగ్గిపెట్టె ఎక్కడ దాచాలో తోచక, బుర్ర పనిచెయ్యక, దాన్ని అలాగే మంటలోకి తోసేశాను. పుల్లలన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి.

"ఎండొచ్చింది! అంటుకుంది!" అని అరిచాను.

అందరూ కేకలేసుకుంటూ పరిగెత్తుకొచ్చారు. మేస్త్రీ నన్నెత్తుకున్నంత పని చేశాడు. ఆయన తాటిపీచు చంకలో పెట్టుకుని చెట్లలోంచి పరిగెత్తుకొస్తున్నాడు. మొహం విప్పారిపోయింది. మంటకి నాలుగడుగుల దూరంలో టక్కున ఆగిపోయాడు. రోజుకి అన్నేసి అగ్గిపెట్టెలు చెవి దగ్గర పెట్టుకున్న మనిషి. ఆ పుల్లల మందు వాసన ఆయనకి తెలీదా? ఆకాశం వైపు చూశాడు. మబ్బు ఎక్కడా చిల్లు పడలేదు. తరవాత నా వైపు చూశాడు.

"ఎండొచ్చిందా, బావా?"

"వచ్చింది బావా. ఒక్క నిమిషం."

తలూపాడు. అద్దం నా చేతిలోంచి తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, జేబులో వేసుకున్నాడు. అందరికీ దగ్గరుండి వడ్డించాడు. తను తినలేదు. కడుపులో బాగోలేదన్నాడు. సాయంత్రం మేస్త్రీ పాటకి అందరితో పాటు చప్పట్లు కొట్టాడు గానీ, మంటకి దూరంగా కూర్చున్నాడు.

సోమవారం గేటు దగ్గరికి వెళ్ళాను. గడ్డం పైకి లేవలేదు.

"సేతులెత్తండి బాబూ."

వేళాకోళమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. చేతులెత్తాను. చంకల కింద, నడుం చుట్టూ, రెండు జేబులు, ఆఖరికి కాళ్ళ దాకా తడిమాడు. టిఫిన్ క్యారేజీ తీసుకుని ఒక్కో గిన్నే విప్పి చూశాడు. అడుగు గిన్నెలో రుమాలుంది. దాన్ని ఎత్తి చూసి, మళ్ళీ మడతపెట్టి, ఎలా ఉన్నది అలా పెట్టి, "ఎల్లండి" అన్నాడు.

నాకు సిగ్గేసిందని చెప్తే మీరు నన్ను మంచివాడనుకుంటారు. సిగ్గు కాదు, కోపమొచ్చింది. ఎవరికోసం చేశాను నేను? ఆయన కోసం కాదా? నలుగురిలో ఆయన పరువు నిలబెడితే ఇదా నాకు ఇచ్చేది? అడిగితే చెప్తాను, అడగనీ, అనుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఒక్కసారి అడిగాడుగా.

ఏడేళ్ళు. రోజూ చేతులెత్తించాడు, రోజూ గిన్నెలు విప్పించాడు. తక్కిన మర్యాదలో ఏ లోటూ చెయ్యలేదు. ఎండలో వస్తే కుండలో నీళ్ళిచ్చేవాడు. మా అబ్బాయికి ఆటలమ్మ పోస్తే రోజూ అడిగేవాడు, "గుంటడికెలాగున్నాది బాబూ?" అని. ఆ బాబూ అన్నప్పుడల్లా నాకు లోపల ఎక్కడో కలుక్కుమనేది. ఏడాది తిరిగేసరికి కోపం పోయింది. గొట్టం పక్కన క్యారేజీ పెట్టుకుని నిలబడ్డ ఆ రాత్రి ఓ రోజు హఠాత్తుగా గుర్తొచ్చింది. ఆయన నన్ను ఎందుకు తడుముతున్నాడో అప్పుడర్థమైంది. అప్పటికి సిగ్గొచ్చింది. సిగ్గొచ్చాక చెప్పడం ఇంకా కష్టమైంది. రేపు చెప్దాం, పండగ వెళ్ళాక చెప్దాం, అనుకుంటూ గడిపేశాను.

గ్యాంగులో మిగిలినవాళ్ళు కార్తీకం రాగానే ఆయన్ని అడిగేవాళ్ళు, "మావా, ఎల్దామేటి?" అని. ఆకాశం ఎంత నీలంగా ఉన్నా ఆయనదొకటే జవాబు: "ఆకాశం బాగోనేదురా." రెండు మూడేళ్ళు అడిగి వాళ్ళూ మానేశారు.

ఆయన రిటైరై దిగిపోయే రోజు బెర్తులో అందరం కలిసి దండ వేశాం. ఆ పొద్దున్న కూడా నన్ను తనిఖీ చేశాడు. ఆఖరి రోజు కదా, గడ్డం ఎత్తుతాడేమోనని ఆశపడ్డాను. చేతులు సగమే ఎత్తి ఆయన మొహంలోకి చూశాను. ఆయనా నా మొహంలోకి చూశాడు. నేనేదో చెప్పాలని ఆయన ఆగినట్టనిపించింది. నా వెనక వరసలో పదిమంది ఉన్నారు. చేతులు పూర్తిగా ఎత్తేశాను.

ఆ తరవాత వచ్చిన కొత్తాయన చీటీలు పెట్టాడు, గూళ్ళకి నంబర్లు వేశాడు. మంచి పద్ధతే. నాకు మాత్రం ఆ గేటు దాటడం రోజురోజుకీ బరువైపోయింది. ఇన్నేళ్ళయినా ఆ గడ్డం అలా పైకి లేవడం నాకు కావాలనిపిస్తుంది. ఇంకొక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి. ఏ ప్రమోషనూ, ఏ సన్మానమూ నాకు ఆ మర్యాద ఇవ్వలేదు.

రెండేళ్ళకి పాత గ్యాంగు కుర్రాడొకడు బజార్లో కనిపించి, "గేటు మావ పోనాడు. పదిరోజులైపోనాది" అన్నాడు. మర్నాడే బస్సెక్కి ఆ పల్లెకి వెళ్ళాను.

అక్క అరుగు మీదే ఉంది. నన్ను చూసి గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది. గుర్తుపట్టాక నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మజ్జిగ తెచ్చిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఇన్నాల్లకొచ్చినావు తమ్ముడూ. మీ బావున్నప్పుడు ఆ జొరంనాడు తప్ప ఇంకొక్కపాలి వొచ్చినావు కాదు."

మజ్జిగ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాను.

"ఏటా కార్తీకంలో ఆదోరం నాడు పెరట్లో అద్దం అట్టుకుని పొయ్యి ఎలిగించీవోడు. ఇద్దరికి కాదే, ముగ్గురికెయ్యి ఎసరు, అనీవోడు. మూడోవోడెవలంటే, మా బావొత్తాడు, ఆడు నాకో ముక్క సెప్పాలున్నాది, వొత్తాడు, అనీవోడు."

"బావనే అన్నాడా?"

"మరేటంటాడు? ఎప్పుడూ బావే. నిన్నొక్క మాటన్నాడు కాదు. తప్పు నాదేనే, సూసుకోకుండా ఒదిలీసినాను, అనీవోడు. తప్పేటని అడిగితే సెప్పడు. ఆ ముక్కేటని అడిగినా సెప్పడు. అది మా బావే సెప్పాల, నాను సెప్పకూడదు, అనీవోడు." పైట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "సాయంకాలం దాకా సూసి, మిగిలిన కూడు ఆవుకెట్టీవోల్లం. ఏడాదికేడాది. ఇంతకీ ఏటి తమ్ముడూ ఆ ముక్క?"

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"పిక్నిక్కులో ఓ ఏడు మబ్బు పట్టిందక్కా. ఎండొచ్చిందా అని బావ అడిగాడు. వచ్చిందన్నాను. రాలేదు. అగ్గిపెట్టె నేనే ఆయన గేటు దాటించి పట్టుకెళ్ళాను. పుల్ల నేనే గీశాను."

ఆవిడ ఇంకా ఏదో ఉందని నా మొహం వైపే చూస్తూ కూర్చుంది.

"ఇంతేనా తమ్ముడూ?"

"ఇంతేనక్కా" అన్నాను.